మన తొలి నవల పుట్టిల్లు

తెలుగులో తొలి నవల ఏదంటే చాలామంది నోట వచ్చే పేరు కందుకూరి వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’. 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో వచ్చింది, 1880లో పుస్తకమైంది. 1872 నాటి నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారి ‘శ్రీరంగరాజ చరిత్ర’ కదా మొదటిదని వాదించేవారూ ఉన్నారు. ఆ సంగతి పండితులు తేల్చుకుంటారు. నలుగురి చేతా చదివించి, మరో నలుగురి చేత నవలలు రాయించింది మాత్రం పంతులుగారి పుస్తకమే. దానికి ప్రేరణ ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ అని మనం బడిలో ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా బట్టీపట్టాం. ఆ గోల్డ్‌స్మిత్ ఎక్కడివాడో ఎవరూ చెప్పలేదు. ఉద్యోగమంతా తూర్పుగోదావరి జిల్లా శాఖా గ్రంథాలయాల్లో చేసి రిటైరైనదాన్ని. ఆ రెండు పుస్తకాలనూ ఎన్నిసార్లు బీరువాలో సర్దానో. గోల్డ్‌స్మిత్ పెరిగిన పల్లె సంగతి మాత్రం మా అమ్మాయి కాపురముంటున్న ములింగార్‌కు వచ్చాకే తెలిసింది.

ములింగార్ ఐర్లండ్ నడిబొడ్డున, వెస్ట్‌మీత్ కౌంటీకి ముఖ్యపట్టణం. డబ్లిన్‌కు 80 కిలోమీటర్ల దూరం. ఉత్తరాన ఓవెల్ సరస్సు, దక్షిణాన ఎనెల్ సరస్సు, ఊరి చుట్టూ మెలిక తిరిగి పోయే రాయల్ కాలువ. మీ ఊళ్ళో గొప్పవాళ్ళెవరని అడిగితే జనం గాయకుడు జో డోలన్ పేరో, వన్ డైరెక్షన్ బృందంలో పాడిన నియాల్ హోరన్ పేరో చెబుతారు. పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్ళయితే జేమ్స్ జాయిస్ పేరెత్తుతారు. ఆయన కుర్రతనంలో, 1900లోనూ 1901లోనూ, ఓటర్ల జాబితాల పని మీద వచ్చిన తండ్రి వెంట ఇక్కడికి వచ్చాడు. ఆయన నవల ‘యులిసీస్’లో కథానాయకుడు బ్లూమ్ గారి కూతురు మిల్లీ పనిచేసేది ఈ ఊరి ఫోటో స్టూడియోలోనే. ‘జింజర్ మ్యాన్’ రాసిన డాన్లీవీ 2017లో పోయేదాకా ఊరి శివార్లలోనే ఉన్నాడు. వీళ్ళంతా పెద్దవాళ్ళే. నా ధ్యాస మాత్రం గోల్డ్‌స్మిత్ మీదే.

ఆయన పుట్టింది పక్కనున్న లాంగ్‌ఫర్డ్ కౌంటీలో, 1728 ప్రాంతంలో. పసివాడుగా ఉన్నప్పుడే తండ్రికి వెస్ట్‌మీత్‌లో చర్చి ఉద్యోగం వచ్చి, కుటుంబం లిస్సోయ్ అనే పల్లెకు మారింది. ములింగార్ నుంచి కారులో గంటలోపే చేరొచ్చు. అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. పాత ఇంటి రాతిగోడలు, చుట్టూ పచ్చిక, కంచె అవతల ఆవులు. అయినా నేను అక్కడ చాలాసేపు నిలబడ్డాను. ఆ ఇంట్లో గోల్డ్‌స్మిత్ తండ్రి ఛార్లెస్ ఉండేవాడు. ఆదాయం తక్కువ, చెయ్యి మాత్రం పెద్దది. ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’లో ఎవరు వచ్చి మంచిమాట చెప్పినా నమ్మేసే ప్రింరోజ్ గారిలో ఆ తండ్రి పోలికలు చాలా ఉన్నాయంటారు. ఊరి బడిపంతులు బర్న్ ఒక మాజీ సైనికుడు. పాఠాలకంటే తాను చూసిన యుద్ధాల సంగతులు, దయ్యాల కథలు, దొంగల కథలు ఎక్కువ చెప్పేవాడట. ఏడెనిమిదేళ్ళ పిల్లవాడికి అంతకంటే ఏం కావాలి?

1766లో అచ్చయిన ఆ నవలలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఒకటుంది. ఇంట్లో ఉన్న గుర్రాన్ని అమ్ముకురమ్మని రెండో కొడుకు మోజెస్‌ను సంతకు పంపుతారు. వాడు తెలివైనవాడని తల్లికి గట్టి నమ్మకం. సాయంత్రానికి వాడు గుర్రం అమ్మిన డబ్బంతా పెట్టి పన్నెండు డజన్ల ఆకుపచ్చ కళ్ళజోళ్ళు కొనుక్కొస్తాడు. వెండి ఫ్రేములని ఎవడో నమ్మించాడు, తీరా చూస్తే రాగి. ఇప్పుడు పంతులుగారి నవలకు రండి. రాజశేఖరుడుగారు ధవళేశ్వరంలో పెద్దమనిషి. ఇంటినిండా పొగిడేవాళ్ళు. ఒక బైరాగి వచ్చి బంగారం చేసే విద్య ఉందంటాడు. ఇంట్లో ఉన్న వెండీ బంగారం అంతా పుటం పెట్టమని వాడి చేతిలో పోస్తారు. వాడు మూటకట్టుకుని ఉడాయిస్తాడు. కళ్ళజోళ్ళ సంత పోయి, మన గోదావరి గట్టుకు మన బైరాగి వచ్చాడు. మోసపోయే మంచితనం మాత్రం అదే. ఆ తరువాత ఇల్లు వదిలి, దారిలో దొంగలు, పెద్దాపురంలో చెర, మారువేషంలో తిరిగే ప్రభువు. అక్కడి కథ అంచులు కనబడుతూనే ఉంటాయి. కానీ చదువుతున్నంతసేపూ మనం రాజమండ్రి చుట్టుపక్కలే ఉంటాం.

పంతులుగారు ముందు ఇంగ్లీషు నవలను ఉన్నదున్నట్టు తెలుగు చేద్దామనే మొదలుపెట్టారు. కొంత రాశాక నచ్చక పక్కన పడేసి, కథను ధవళేశ్వరంలో దింపి మళ్ళీ రాశారు. అక్కడే ఆయన గొప్పతనమంతా ఉందని నేననుకుంటాను. ఉన్నదున్నట్టు తెలుగు చేసి ఉంటే అది కాలేజీ విద్యార్థుల పుస్తకంగానే ఉండిపోయేది. ఊరు మార్చేసరికి ఇంగ్లీషు ముక్క రాని ఇల్లాళ్ళూ చదివారు, చదవడం రానివారు పక్కవాళ్ళ చేత చదివించుకుని విన్నారు. 1887లో హచిన్సన్ అనే ఆయన దాన్ని ‘ఫార్చ్యూన్స్ వీల్’ పేరుతో ఇంగ్లీషులోకి మార్చి లండన్‌లో అచ్చువేయించాడు. లిస్సోయ్ నుంచి బయల్దేరిన కథ ధవళేశ్వరం చూసి, తెలుగు బట్టలు కట్టుకుని తిరిగి ఆ దేశాలకే వెళ్ళిందన్నమాట!

ఇద్దరికీ ఇంకో పోలిక ఉంది. పిల్లల పుస్తకాలు, పెద్దల పుస్తకాలు, కథలు, శాస్త్రం అని ఎవరూ గీతలు గీసుకోలేదు. గోల్డ్‌స్మిత్ పొట్టకూటికి రోమ్ చరిత్ర రాశాడు, ఇంగ్లండ్ చరిత్ర రాశాడు, జంతువుల మీద ఎనిమిది సంపుటాలు రాశాడు. అవి ఆయన పోయిన 1774లోనే వచ్చాయి. తనకు తెలియని చోట ఇతరుల పుస్తకాల నుంచి ఎత్తి రాశాడు కాబట్టి, ఆవులకు మూడేళ్ళ వయసులో కొమ్ములు రాలిపోతాయన్న తప్పు కూడా అందులో చేరింది. లిస్సోయ్ పచ్చికలో ఆవుల మధ్య పెరిగినవాడు ఆ మాట ఎలా రానిచ్చాడో! లండన్‌లో జాన్ న్యూబరీ అనే పుస్తకాల వ్యాపారి పిల్లల కోసమే అందంగా చిన్న పుస్తకాలు వేసేవాడు. అమెరికాలో 1922 నుంచి పిల్లల పుస్తకాలకిస్తున్న న్యూబరీ పతకం ఆయన పేరు మీదిదే. 1765లో ఆయన వేసిన ‘గూడీ టూ షూస్’ కథ గోల్డ్‌స్మిత్‌దేనని చాలామంది నమ్మకం. పుస్తకం మీద మాత్రం రచయిత పేరు లేదు. అందులో దిక్కులేని ఆడపిల్ల ఒకతి చదువు నేర్చుకుని, చెక్కతో అక్షరాలు చేసుకుని ఇంటింటికీ తిరిగి పిల్లలకు నేర్పుతుంది. పంతులుగారు చదివి ఉంటే ఎంత సంతోషించేవారో. ఆడపిల్లలకు బడి పెట్టిన మనిషి ఆయన. నవలలు, నాటకాలు, ప్రహసనాలు రాసిన చేత్తోనే పిల్లలకు నీతికథలూ రాశారు, జంతువుల గురించీ శరీర నిర్మాణం గురించీ తెలుగులో పుస్తకాలు కూర్చారు.

ములింగార్ గ్రంథాలయం కౌంటీ కౌన్సిల్ భవనంలోనే ఉంది. నేను వెళ్ళిన మొదటి రోజే నా కళ్ళు చూసింది అరల మీద నెంబర్లను. వృత్తి వాసన అంత తొందరగా పోదు. మా దగ్గరలాగే ఇక్కడా డ్యూయీ పద్ధతి. నవలలు రచయిత ఇంటిపేరును బట్టి వరసగా ఉంటాయి, మిగతావి నెంబరును బట్టి. నక్షత్రాలకూ గ్రహాలకూ 523, పాలిచ్చే జంతువులకు 599, ఐర్లండ్ చరిత్రకు 941.5. పిల్లల విభాగంలోనూ పెద్దల విభాగంలోనూ అవే అంకెలు. పదకొండేళ్ళ మా మనవరాలు పిల్లల వైపున్న 523 అంతా ముగించి, ఎవరినీ అడక్కుండా పెద్దలవైపు 523 దగ్గరికి నడిచి వెళ్ళింది. ఏమ్మా, నీకిదెందుకు అని ఎవరూ ఆపలేదు. ఆరేళ్ళ మనవడు డైనోసార్ల దగ్గర నేల మీద చతికిలబడ్డాడు. వాణ్ణీ ఎవరూ లేవమనలేదు.

ఇక్కడి ప్రభుత్వ గ్రంథాలయాల్లో సభ్యత్వానికి పైసా కట్టక్కర్లేదు. 2019 నుంచి ఆలస్య రుసుము కూడా దేశమంతా ఎత్తేశారు. ఒక్క కార్డుతో ఏ ఊరి గ్రంథాలయంలోనైనా పుస్తకం తీసుకోవచ్చు. మన ఊళ్ళో లేని పుస్తకాన్ని వేరే కౌంటీ నుంచి తెప్పిస్తారు. ఆలస్య రుసుము సంగతి వినగానే నాకు కొందరు పిల్లల ముఖాలు గుర్తొచ్చాయి. గడువు దాటిపోయిందన్న భయంతో పుస్తకాన్ని ఇంట్లో దాచిపెట్టి మళ్ళీ గ్రంథాలయం గడప తొక్కనివాళ్ళు. రూపాయీ అర్ధరూపాయీ జమ చేసుకుని మనం పోగొట్టుకున్నది ఒక చదువరిని. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ జనం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నారు. మరి డిపాజిట్టు, రుసుము లేకుండా పిల్లలకు కార్డు ఇవ్వడం అంత కష్టమేమీ కాదని అనుభవం మీదే చెబుతున్నాను.

ఈ ప్రాంతంతో ముడిపడ్డ పుస్తకం ఇంకోటి ఉంది. ఎనెల్ సరస్సు పడమటి ఒడ్డున లిల్లిపుట్ అనే చోటుంది. అవును, గలివర్ వెళ్ళిన మరుగుజ్జుల దేశం పేరే. డబ్లిన్‌లో సెయింట్ పాట్రిక్ చర్చికి పెద్దగా ఉన్న జొనాథన్ స్విఫ్ట్ ఈ ప్రాంతానికి వస్తూపోతూ ఉండేవాడని, ఒకసారి సరస్సు మధ్య పడవలోంచి చూస్తే ఒడ్డున మనుషులు వేలెడంత కనబడ్డారని, అక్కడే కథ పుట్టిందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. రుజువేమిటని ఎవరూ అడగరు. పుస్తకం 1726లో రచయిత పేరు లేకుండా వచ్చింది. రాసింది పిల్లల కోసం కానే కాదు. కోడిగుడ్డును పెద్దవైపు పగలగొట్టాలా చిన్నవైపు పగలగొట్టాలా అని యుద్ధాలకు దిగే ఆ మరుగుజ్జులు అప్పటి రాజకీయ నాయకులూ మతపెద్దలూను. నాలుగు ప్రయాణాల్లో మొదటి రెండూ, మరుగుజ్జులు, రాకాసులు, పిల్లలకిచ్చి మిగతా రెండూ పెద్దలు దాచుకున్నారు. పెద్దల అరలోంచి పిల్లలే లాగేసుకున్న పుస్తకం అది.

ఇక్కడ నా గుండె మరోసారి పొంగింది. పంతులుగారు ఈ పుస్తకాన్నీ వదల్లేదు. 1890లలో రాసిన ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ గలివర్ బాటలో నడిచిందే. సత్యరాజు తిరిగిన ఒక దేశంలో ఏలేది ఆడవాళ్ళు, ఇంట్లో అణిగిమణిగి ఉండేది మగవాళ్ళు. మన ఆచారాలను తిరగేసి చూపించేసరికి చదివే మగవాళ్ళకు ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకాయి. ఇంకో భాగంలో లంక, అక్కడ మహాకాయులు. వెస్ట్‌మీత్ నేల మీద నడిచిన రెండు పుస్తకాలు, రెండూ రాజమండ్రిలో ఒకే మనిషి చేతుల్లోకి వచ్చాయి. ఈ ఊరి దగ్గర ఉండే తెలుగువాళ్ళు ఈ మాట తమ పిల్లలకు చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు?

ఇక ఇప్పటి పుస్తకాల సంగతి. మా మనవరాలు చదువుతుండగా నేనూ చదివిన వాటిలో ‘అండర్ ది హాథోర్న్ ట్రీ’ నన్ను పట్టుకుని వదల్లేదు. రాసింది మరీటా కాన్లన్ మెకెన్నా, 1990లో వచ్చింది. 1845 నుంచి నాలుగైదేళ్ళు బంగాళాదుంప పంట కుళ్ళిపోయి ఐర్లండ్‌లో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు తగ్గకుండా ఓడలెక్కి దేశం వదిలారు. ఆ కరువులో అయిలీ, మైకేల్, పెగ్గీ అనే ముగ్గురు పిల్లలు. చంటి చెల్లెలు చనిపోతే ఇంటి వెనక ముళ్ళచెట్టు కింద పాతిపెడతారు. తల్లీ తండ్రీ తిరిగిరారు. దిక్కులేని బీదలను ఉంచే వర్క్‌హౌస్‌కు పోవడం ఇష్టంలేక, అమ్మ చెప్పిన కథల్లో విన్న పెద్దవాళ్ళను వెతుక్కుంటూ ముగ్గురూ కాలినడకన బయల్దేరతారు. పదేళ్ళ పిల్లలు చదివే పుస్తకంలో ఆకలిని దాచలేదు, చావును దాచలేదు. అలాగని భయపెట్టలేదు కూడా. ఏ ఆకు తినొచ్చు, జ్వరమొస్తే ఏం చెయ్యాలి, చెల్లెల్ని ఎలా ఊరుకోబెట్టాలి అన్న పనుల్లోంచి కథ నడుస్తుంది. ములింగార్‌లోనూ ఆనాడు వర్క్‌హౌస్ ఉండేది. మా పిల్ల పుస్తకం మూసి, అది ఎక్కడ ఉండేదో చూడాలంది.

ఆ రాత్రి నేను దానికి డొక్కల కరువు చెప్పాను. 1832–33, నందన నామ సంవత్సరం. గుంటూరు జిల్లాలో దాదాపు అయిదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారు. బతికినవాళ్ళు రోడ్డు పట్టుకుని మద్రాసు వైపు నడిచారు, దారిపొడుగునా పడిపోయారు. ఆ కరువుల వెనకే ఆర్థర్ కాటన్ వచ్చాడు, 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడు. మన రాజశేఖరుడుగారి ధవళేశ్వరమే. “అమ్మమ్మా, దీని మీద పుస్తకం ఉందా?” అనడిగింది. చరిత్ర పుస్తకాలున్నాయి. ముగ్గురు పిల్లలు మద్రాసు రోడ్డు మీద నడిచే నవల, పదేళ్ళ పిల్ల చేతికివ్వగలిగేది, నా సర్వీసంతటిలో నా చేతికి రాలేదు.

తెలుగులో లోటు ఎక్కడుందో నాకు ఆ ప్రశ్నతో స్పష్టమైంది. పసిపిల్లల పుస్తకాలకు మనకు లోటులేదు. 1947లో మొదలైన ‘చందమామ’ రెండు మూడు తరాలను పెంచింది. దానికి చాలాకాలం వెన్నెముకగా నిలిచిన కొడవటిగంటి కుటుంబరావుగారు పెద్దలకు కథలు రాసిన పెద్ద రచయిత. పిల్లలకు రాయడం చిన్నపని అని ఆయన అనుకోలేదు. ముళ్ళపూడివారి ‘బుడుగు’ను పిల్లలూ పెద్దలూ పోటీపడి చదివారు. ఇప్పుడు సికింద్రాబాద్‌లో ‘మంచి పుస్తకం’ వాళ్ళు రంగురంగుల పుస్తకాలు తక్కువ ధరకు వేస్తున్నారు. మాస్కో నుంచి వచ్చిన ‘నొప్పి డాక్టరు’ లాంటివీ మళ్ళీ దొరుకుతున్నాయి. సమస్య ఆ తరువాతే. పదేళ్ళ నుంచి పదహారేళ్ళ దాకా చదవడానికేముంది? మా తరంలో చందమామ వదిలి నేరుగా వారపత్రిక సీరియల్‌లోకో, డిటెక్టివ్ నవలలోకో దూకేవాళ్ళం. నండూరి రామమోహనరావుగారు ‘టామ్ సాయర్’, ‘కాంచన ద్వీపం’ తెలుగు చేసి ఆ వయసువాళ్ళకు వంతెన వేశారు. ఆయనే ‘విశ్వరూపం’, ‘నరావతారం’ రాసి నక్షత్రాల సంగతీ మనిషి పుట్టుక సంగతీ కథలా చెప్పారు. అవి ఏ వయసువారి పుస్తకాలని అడిగితే నేను జవాబు చెప్పలేను. నా గ్రంథాలయంలో ఎనిమిదో తరగతి పిల్లలూ తీసుకెళ్ళారు, రిటైరైన హెడ్మాస్టర్లూ తీసుకెళ్ళారు. అలాంటివి ఇంకో వంద కావాలి.

ఇక్కడి తెలుగు పిల్లల ఇబ్బంది వేరు. మాట అర్థమవుతుంది, అక్షరం రాదు. పదకొండేళ్ళ పిల్లకు చందమామ నాటి రాజకుమార్తె కథ ఇస్తే నవ్వుతుంది. ఆమె తెలివికి తగిన పుస్తకం చదవడానికి ఆమెకు ఒత్తులు రావు. నేను కనిపెట్టిన దారి పాతదే: పైకి చదివి వినిపించడం. పక్కన కూర్చోబెట్టుకుని, చదివే గీత కింద వేలు పెట్టి నడపాలి. ‘విశ్వరూపం’లో శనిగ్రహం వలయాల దగ్గరికొచ్చేసరికి మా పిల్ల నా వేలు తోసేసి తన వేలు పెట్టింది. ఇంగ్లీషులో అప్పటికే చదివిన విషయం కాబట్టి పదం తెలియకపోయినా ముందేముందో తెలుసు. తెలిసిన విషయంతో తెలియని లిపిలోకి వెళ్ళడం తేలిక. అందుకే ఈ పిల్లలకు కథలతో పాటు శాస్త్రం పుస్తకాలూ తప్పకుండా ఇవ్వమని తల్లిదండ్రులకు చెబుతున్నాను.

రాయల్ కాలువ గట్టున సాయంత్రాలు నడుస్తుంటే నాకు పాతూరి నాగభూషణంగారు గుర్తొస్తారు. 1935లో కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా పంచిన మనిషి. మేం ఇక్కడ చేస్తున్నది అంతకంటే చాలా చిన్నపని. తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి, ఊరి నుంచి ఎవరు వస్తున్నా పెట్టెలో రెండు కిలోల పుస్తకాలు తప్పక తేవాలని ఒక మాట అనుకున్నాం. వచ్చిన పుస్తకం ఒక ఇంట్లో ఆగకూడదు.

ప్రస్తుతం నేనూ మనవరాలూ కలిసి ఒక పుస్తకం రాస్తున్నాం. ములింగార్‌కు ఉత్తరాన డెరవరా సరస్సుంది. సవతితల్లి శాపానికి లిర్ రాజు పిల్లలు నలుగురూ హంసలై 300 ఏళ్ళు ఈదింది అక్కడేనని ఇక్కడి పాత కథ. తరువాత 300 ఏళ్ళు మోయిల్ సముద్రంలో, ఆ పైన 300 ఏళ్ళు పడమటి సముద్రంలో. పంతులుగారి పద్ధతిలో దీన్ని మన నేల మీద దింపుదామని నేను. డెరవరా బదులు కొల్లేరు పెట్టాను. హంసలు ఉండాల్సిందేనని మా పిల్ల, కొల్లేటికి వచ్చేవి గూడబాతులు కదా అని నేను. చివరకు గూడబాతులకు ఒప్పుకుంది, కానీ నలుగురి పేర్లూ మార్చనివ్వలేదు. కాబట్టి ఫియనోలా, ఆయిద్, ఫియాక్రా, కాన్ అనే నాలుగు గూడబాతులు ఇప్పుడు కొల్లేటి లంకల మీద ఉన్నాయి. రెండో 300 ఏళ్ళకు వాటిని బంగాళాఖాతంలోకి పంపాలి. అక్కడ తుఫాను రాయాలి. దివిసీమ ఉప్పెన నేను చూసినంత చెప్పాను, 1977 నవంబరు. నువ్వు చెప్పు, నేను రాస్తానంటూ పెన్సిలు పట్టుకుని కూర్చుంది. ఒత్తులు తప్పు పోతే నేను దిద్దాలి.